పలికిందా, పడిందా

ఆమె గుమ్మం దాటబోయింది. అంతే, గుమ్మానికి అటూ ఇటూ కొత్తగా నిలబెట్టిన రెండు తెల్లని స్తంభాలు కీచుమని అరిచాయి.

ఆఫీసు వదిలే వేళ. వెనక వస్తున్నవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఆమె కూడా ఆగిపోయింది, ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

స్తంభం పక్కన నేలమీద చతికిలబడి కూర్చున్న కుర్రాడు చేతిలోని పరికరం వంక చూశాడు. తరువాత ఆమె వంక చూశాడు. ఎంతో మర్యాదగా అన్నాడు:

"ఏమండీ, మీ దగ్గర ఒక ప్రింటర్ ఉందండీ."

"నా దగ్గరా?"

"అవునండీ. రెండో అంతస్తులో అకౌంట్స్ వాళ్ళది. పెద్దది."

వెనక ఎవరో, "ఏ జేబులో పెట్టిందో చూడవయ్యా!" అన్నారు. అందరూ ఘొల్లుమన్నారు.

ఆమె ముఖం ఎర్రబడింది. గబగబా బ్యాగు తెరిచి చూపించింది. భోజనం డబ్బా, గొడుగు, దువ్వెన. కుర్రాడు బ్యాగును అందుకుని తలకిందులుగా తిప్పాడు. అడుగున బొటనవేలంత తెల్లని స్టిక్కరు అంటుకుని ఉంది.

"ఇదిగోండి ప్రింటర్. తప్పు నాదేనండీ. పొద్దున దానికి అంటించాల్సిన ఈ స్టిక్కరు మీ టేబుల్ మీద పెట్టి మర్చిపోయా."

తప్పు నీదైతే నలుగురిలో నా పరువెందుకు తీశావని అడగాల్సింది. అడగలేదు. అనాల్సిన మాటలన్నీ బస్సెక్కి కూర్చున్నాక ఒక్కొక్కటే వచ్చాయి. ఎప్పుడూ అంతే, అవసరం తీరాక గానీ ఆమెకు మాటలు రావు.

ఆ ఆఫీసులో కంప్యూటర్ సామానంతా ఆమె చేతి కింద ఉంటుంది. ఎవరికి ఏ లాప్‌టాప్ ఇచ్చారో, ఏ మానిటర్ ఏ గదిలో ఉందో ఆమె చూసుకోవాలి. నడుముకు ఎప్పుడూ తాళాల గుత్తి. నోట్లో నాలుక లేని పిల్ల కాబట్టి ఆమె వస్తున్నట్టు తాళాల చప్పుడే చెప్పేది. అందుకే అందరూ 'తాళాలమ్మాయి' అనేవారు.

అయితే ఆ మధ్య సామానుకు కాళ్ళొచ్చాయి. పై అంతస్తులో ఉండాల్సిన మానిటర్ కింది అంతస్తులో తేలేది. కీబోర్డులు గదులు మారేవి. ఎవరినడిగినా "నాకేం తెలుసు" అనేవారు. విసిగిపోయిన మేనేజర్ గారు ప్రతి వస్తువుకూ ఒక రేడియో టాగు అంటించి చూద్దామన్నారు. మూడు వారాలు పరీక్ష. బాగుంటే పెట్టుకోవడం, లేకపోతే లేదు. ఆ పరీక్ష చేయడానికి వచ్చినవాడే ఈ కుర్రాడు. గేటు దగ్గర కాపలా ఉండే బాబాయి రెండో రోజుకే అతనికి 'టాగులబ్బాయి' అని పేరు పెట్టేశాడు.

"తాళాలమ్మాయి, టాగులబ్బాయి. కలిసింది చూడు!" అని తనలో తనే నవ్వుకునేవాడు.

మర్నాడు పొద్దున టాగులబ్బాయి స్టోర్ రూము గుమ్మంలో నిలబడ్డాడు.

"నిన్నటి సంగతికి సారీ అండీ."

"ఊఁ."

"కోపం పోలేదా?"

"ఉంటే కదా పోవడానికి."

"మరి ఆ స్టాప్లర్‌ని ఎందుకండీ అలా కొడుతున్నారు? పాపం, దానికి టాగు కూడా లేదు."

నవ్వొచ్చింది. చూపించకూడదని సొరుగులోకి వంగి ఏదో వెతికింది. సొరుగులో ఏమీ లేదు.

పని మొదలైంది. ఒక్కో వస్తువుకూ టాగు అంటించడం, దూరంగా నిలబడి ఆ చేతి పరికరం, అదే రీడరు, ఎక్కుపెట్టడం. రీడరు కుయ్యిమంటే దొరికినట్టు. ఆమెకు ఆ తెల్లని స్టిక్కరు వింతగా తోచింది.

"ఇందులో బ్యాటరీ ఎక్కడుంది?"

"లేదండీ. దానికి సొంత బలమంటూ ఏమీ లేదు. ఈ రీడరు పంపే తరంగం తగిలితే ఆ బలంతోనే తన నంబరు చెబుతుంది. పిలవకపోతే ఎన్నేళ్ళైనా అలా ఊరికే ఉంటుంది."

ఆమె టాగును అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది. ఎవరూ పిలవకపోతే ఎన్నేళ్ళైనా ఊరికే ఉండటం గురించి ఆమెకు కొంచెం తెలుసు.

రీడరు కుయ్యిమంది.

"పలికింది," అంది ఆమె.

"ఏంటండీ?"

"పిలిస్తే పలికింది కదా."

అతను ఆమె వంక చూశాడు. ఆ తరువాతి మానిటరు దగ్గర రీడరు కుయ్యిమనగానే, "ఇదీ పలికిందండీ," అన్నాడు.

అప్పటినుంచి ఇద్దరి మధ్యా అదే మాట. "మూల కుర్చీ పక్కది పలికిందా?" "పలికింది." "కిటికీ దగ్గరది?" "ఇంకా బద్ధకంగా ఉందండీ. ఇంకోసారి పిలుద్దాం."

టాగులకు ఇనుమంటే పడదనీ, నీళ్ళంటే పడదనీ ఆమె నేర్చుకుంది. ఒకరోజు మేనేజర్ గారి లాప్‌టాప్ ఎంతకీ పలకలేదు. చూస్తే దాన్ని కుర్చీలో నడుము వెనక పెట్టుకుని ఆయన హాయిగా కూర్చుని ఉన్నారు.

"సార్, కొంచెం లేస్తారా? మనిషి అడ్డొచ్చినా పలకదండీ. మనిషిలో సగానికి పైగా నీళ్ళే కదా," అన్నాడు టాగులబ్బాయి.

"ఏమయ్యా, అంటే నేను నీళ్ళ డ్రమ్మునా?"

ఆమె ఫక్కున నవ్వేసింది. ఆ ఆఫీసులో ఆమె నవ్వు బయటికి వినిపించడం అదే మొదటిసారి. మేనేజర్ గారు కోపం మరచిపోయి ఆశ్చర్యంగా చూశారు. టాగులబ్బాయి మాత్రం చూడటం ఆపలేకపోయాడు.

అన్నిటికంటే మొండిది స్టోర్ రూములోని పాత సర్వరు. పనిచేయడం మానేసి మూలన పడి ఉన్న ఇనుప పెట్టె. పైన అంటించారు, పక్కన అంటించారు, వెనక అంటించారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఇనుముకి మరీ ఆనుకుపోతే టాగుకి ఊపిరాడదండీ. మధ్యలో ఏదైనా పెట్టి కాస్త ఎడం ఇవ్వాలి. రేపు ఫోము ముక్కలు తెస్తా," అన్నాడతను.

మర్నాడు మంగళవారం. సాయంత్రం మేనేజర్ గారు ఆమెను మీటింగుకు పిలిచారు. మీటింగు ముగించుకుని కిందికి దిగేసరికి బయట వాన దంచి కొడుతోంది. గొడుగు విప్పి మెట్టు దిగబోతుంటే వెనకనుంచి ఎవరో పరుగెత్తుకొచ్చిన చప్పుడు. టాగులబ్బాయి. రొప్పుతున్నాడు. చేతిలో గొడుగు లేదు.

"ఏమండీ, మీకో సంగతి..."

అతను మెట్టు దిగి వానలోకి వచ్చేశాడు. నెత్తిమీద చుక్కలు టపటపా పడుతున్నాయి. ఆమె ఆలోచించలేదు. గొడుగు అతని వైపు జరిపింది.

అతని మాట అక్కడే ఆగిపోయింది.

ఇద్దరూ బస్‌స్టాప్ వైపు నడిచారు. అతను ఆమెకు ఒక జానెడు ఎడంగా నడుస్తున్నాడు. కుడి భుజం పూర్తిగా తడిసిపోతోంది.

"ఇటు రండి. సగం తడిసిపోయారు."

"పర్లేదండీ. మిగతా సగం బాగుంది."

"జలుబు చేస్తుంది."

"చేస్తే సగమే చేస్తుంది."

ఆమె పెదవి కొరుక్కుంది. తను దగ్గరకు జరగలేదు గానీ, గొడుగును మరికాస్త అటు వంచింది. తన ఎడమ భుజం తడుస్తున్న సంగతి బస్సెక్కాక గానీ ఆమెకు తెలియలేదు. చల్లగా ఉన్నా తుడుచుకోబుద్ధి కాలేదు. కిటికీ అద్దం మీద చుక్క చుక్కను పట్టుకుని జారుతుంటే చూస్తూ, దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

బుధవారం పొద్దున ఆమె మామూలుకంటే ముందే వచ్చింది. మెట్లెక్కుతుంటే పై మలుపులో టాగులబ్బాయి గొంతు వినిపించింది. ఫోనులో మాట్లాడుతున్నాడు. నవ్వుతున్నాడు. ఏదో అల్లరి పెట్టి పలకరిద్దామని తాళాలు చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుంది.

"స్టోర్ రూములోదా సార్? అది కూడా పడింది, నిన్న సాయంత్రం. అబ్బో, మహా మొండిది! ఎన్ని రోజులు తిరిగినా ఉలకదు, పలకదు. మరీ దగ్గరికెళ్తే లాభం లేదని కొంచెం ఎడం ఇచ్చి చూశా. దెబ్బకి పడింది... ఆఁ, శుక్రవారంతో ఇక్కడ అయిపోతుంది సార్. తర్వాత ఇంకో ఆఫీసు."

ఆమె చేతిలోని తాళాలు చల్లగా తగిలాయి.

స్టోర్ రూములోది. మొండిది. ఎడం ఇచ్చి చూశా. నిన్న సాయంత్రం పడింది.

వచ్చినంత మెల్లగా మెట్లు దిగిపోయింది. కాసేపు గేటు బయట నిలబడి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ లోపలికి వచ్చింది.

ఆ రోజంతా అతను ఏం మాట్లాడినా ఆమె దగ్గర రెండే జవాబులు. "ఊఁ." "అలాగే."

"ఒంట్లో బాగాలేదా అండీ?"

"బాగానే ఉంది."

"జలుబు నాకు చేయాలి, మీకు చేసిందా ఏంటి?"

ఆమె తలెత్తలేదు. తలెత్తితే కళ్ళు కనిపిస్తాయి. అతని నవ్వు ముఖం మీదే ఆరిపోయింది. సర్వరు సంగతి ఎత్తబోయాడు. "మేనేజర్ గారు పిలుస్తున్నారు," అని ఆమె లేచి వెళ్ళిపోయింది. గురువారం అతను మాట్లాడించే ప్రయత్నం కూడా మానేశాడు. రీడరు అక్కడక్కడా కుయ్యిమంటూనే ఉంది గానీ పలికిందని ఎవరూ అనలేదు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. అమ్మ, చెల్లి, తను. అమ్మ ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. చెల్లి కాలేజీలో చదువుతోంది. దేవుడు ఇద్దరికీ పంచాల్సిన నోరు చెల్లికే ఇచ్చేశాడని అమ్మ అంటుంటుంది. ఆ రాత్రి పక్క సర్దుతుంటే చెల్లి వచ్చి నిలబడింది.

"అక్కా, ఎవరితో గొడవ?"

"ఎవరితోనూ లేదు."

"మరి ఆ దిండు ఏం పాపం చేసిందే, అంతలా దులుపుతున్నావ్?"

దాచిపెట్టడం చెల్లి దగ్గర కుదిరే పని కాదు. మంచం అంచున కూర్చుని విన్నదంతా చెప్పింది. గొడుగు సంగతి చెప్పకూడదనుకుంది, అదీ చెప్పేసింది.

"నేనేదో... అతను అలాంటివాడు కాదనుకున్నా. ఆడపిల్ల పడిందని ఫోన్లో చెప్పుకుని నవ్వుతాడా?"

చెల్లి కళ్ళు చిట్లించింది. "ఆగాగు. సరిగ్గా ఏమన్నాడు? ఆ అమ్మాయి పడింది అన్నాడా? అది పడింది అన్నాడా?"

"అది అన్నాడు. అదే కదా నా మంట. నన్ను పట్టుకుని అది అంటాడా!"

"అక్కా, కుర్చీ కూడా అదే. బకెట్టు కూడా అదే. మొన్న గాలికి దండెం మీంచి నా చున్నీ పడింది, అది కూడా అదే. మన ఖర్మ, ఆడపిల్లకీ బకెట్టుకీ ఒకటే మాట. పడింది నువ్వేనని నీకెలా తెలుసు?"

ఆమె నోరు తెరిచింది.

ముందు గదిలో మిషను చప్పుడు ఆగింది. "ఎవరే పడింది?" అమ్మ కేకేసింది. "దెబ్బ తగిలిందా?"

"ఇంకా తెలీదమ్మా! రేపు కనుక్కుని చెబుతుందట!" చెల్లి తిరిగి కేకేసింది. తరువాత అక్క పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "ఒకమాట అడగనా? నీ ఏడుపు అతను పడింది అన్నందుకా? లేకపోతే ఆ మాట నిజమైనందుకా?"

ఆమె దిండును ఒళ్ళోకి లాక్కుంది. ఆ ప్రశ్న తనను తాను అడుక్కోవడానికి భయపడే రెండు రోజులుగా కోపం చాటున దాక్కుంటోందని ఆమెకు అర్థమైంది. కోపంగా ఉండటం సులువు. వెళ్ళి అడగటమే కష్టం. అడగకపోతే రేపటితో అతను వెళ్ళిపోతాడు. అది కూడా సులువే, ఏమీ చేయక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు.

"ఏమని అడగనే? పడింది నేనా, బకెట్టా అనా?"

"అచ్చం అలాగే అడుగు," అంది చెల్లి.

శుక్రవారం ఆఖరి పరీక్ష. మేనేజర్ గారు స్వయంగా వెంట తిరిగారు. టాగులబ్బాయి అంతస్తు తరువాత అంతస్తు రీడరు పట్టుకుని నడిచాడు. స్టోర్ రూములోకి వచ్చేసరికి పాత సర్వరు కూడా కుయ్యిమంది. ఆమె ఉలిక్కిపడి అటు చూసింది. దాని వీపున ఒక ఫోము ముక్క, దానిమీద టాగు.

"ఇది ఎప్పుడు..." అనబోయింది. మేనేజర్ గారు ఆమె వైపు తిరిగారు.

"రోజూ వీటితో తిరిగిందానివి నువ్వు. నువ్వు చెప్పమ్మా. పెట్టుకుందామా, వద్దా?"

అందరూ ఆమె వంక చూశారు. ఇంకా కొన్నాళ్ళు చూడాలి సార్ అని ఒక్కమాట అంటే చాలు. మనసులోని మంట చల్లారుతుంది. పైగా అతను ఇంకొన్నాళ్ళు ఇక్కడే తిరుగుతాడు. రెండు రకాలుగానూ ఆశ పెట్టే అబద్ధం అది. అతను నేల చూపులు చూస్తున్నాడు.

"పెట్టుకోవచ్చు సార్," అంది ఆమె. "ఇనుప బీరువాలో పెట్టి మూసినవి పలకవు. వాటిని మాత్రం నేను చూసుకోవాలి. మిగతావన్నీ బాగా పనిచేస్తున్నాయి. పరీక్ష శ్రద్ధగా చేశారు."

మేనేజర్ గారు తలూపి వెళ్ళిపోయారు.

సాయంత్రానికల్లా అతను సామాను సర్దేసుకున్నాడు. ఆమె కిందికి దిగేసరికి గేటు దగ్గర వైర్లు చుడుతున్నాడు. బాబాయి కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"వెళ్ళొస్తానండీ," అన్నాడు అతను. "మంచిమాట చెప్పారు. థాంక్స్."

"ఉన్నదే చెప్పాను."

ఆమె ఇంకేమైనా అంటుందేమోనని అతను ఒక్క క్షణం చూశాడు. పెట్టె భుజానికెత్తుకుని మెట్టు దిగాడు. రెండో మెట్టు దిగాడు. ఇంకొక నిమిషంలో రోడ్డు మీద జనంలో కలిసిపోతాడు.

"ఆగండి!"

తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. బాబాయి పేపరు దించాడు.

"బుధవారం పొద్దున మెట్ల మీద ఫోన్లో ఎవరితో మాట్లాడారు?"

"మా సారుతోనండీ. రోజూ ఏం జరిగిందో చెప్పాలి కదా."

"స్టోర్ రూములోది పడిందన్నారు. మొండిదన్నారు. ఎడం ఇచ్చి చూస్తే దెబ్బకి పడిందన్నారు." ఊపిరి తీసుకుంది. "పడింది ఎవరు?"

అతను అర్థం కానట్టు చూశాడు. తరువాత అర్థమైంది. ముఖంలో రంగులు మారాయి. పెట్టె ధభీమని కింద పెట్టేశాడు.

"అయ్యయ్యో! సర్వరండీ! ఆ పాత సర్వరు! మా కంపెనీలో రీడరుకి టాగు దొరికితే పడింది అంటారండీ. అక్కడందరిదీ అదే మాట. మీరు... మీ గురించనుకున్నారా? దేవుడా!" రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "నేను మీ గురించి అలా అంటానా అండీ?"

"నా దగ్గర ఎప్పుడూ ఆ మాట అనలేదుగా మరి. పలికింది అనేగా అనేవారు."

"అది మీ మాట కదండీ. మీరు అన్నాక మీతో ఇంకో మాట వాడబుద్ధి కాలేదు. మీ మాటని బయటివాళ్ళ దగ్గర వాడబుద్ధి కాలేదు, అది వేరే సంగతి."

ఆమె చూపు తిప్పుకుంది. "సర్వరు పలికితే నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే కదండీ ఆ రోజు వానలో పరుగెత్తుకొచ్చా. మీరేమో గొడుగు ఇటు జరిపారు. ఇంక సర్వరు ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?"

"నేనేం వినట్లేదు, కానివ్వండి," అన్నాడు బాబాయి పేపరు వెనకనుంచి. పేపరు తలకిందులుగా ఉంది.

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మూడు రోజులుగా గుండెలమీద ఉన్న బరువు దిగిపోయింది. ఇప్పుడు సరే అని ఇంటికి వెళ్ళిపోవచ్చు. అపార్థం తొలగింది, సారీ చెప్పేస్తే మర్యాదగా ఉంటుంది. కానీ కాళ్ళు కదలలేదు.

"ఆ రోజు సర్వరు ఒక్కటే పడిందని మీ సారుకి చెప్పారు కదా."

"అవునండీ."

"ఆ లెక్క తప్పు."

అతను కదలకుండా నిలబడిపోయాడు. "ఏంటండీ? ఇంకోసారి చెప్పండి."

"ఒకసారి చెప్పేసరికే ప్రాణం పోయింది. ఇంకోసారి నావల్ల కాదు."

"వద్దులెండి. నేనే చెబుతా." "నేను పడి చాలా రోజులైందండీ. మీరేమో మాటలు మానేశారు. నచ్చలేదేమో, ఇంక బలవంతం ఎందుకని వైర్లు చుట్టుకున్నా."

"నన్ను అడగొచ్చు కదా?"

"మీరూ అడగొచ్చు కదండీ?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఒకరి తప్పు ఒకరికి అచ్చంగా సరిపోయింది.

ఆదివారం పొద్దున అతను అమ్మతో మాట్లాడటానికి ఆమె ఇంటికి వచ్చాడు. తలకు నూనె రాసి అణిచి దువ్వుకున్నాడు. కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ళు ఇస్తే గటగటా తాగేసి, ఖాళీ గ్లాసును ఏం చేయాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. చెల్లి తలుపు పక్కన నిలబడి అతణ్ణి పైనుంచి కిందిదాకా చూస్తోంది.

"ఏం పని చేస్తావు బాబూ?" అడిగింది అమ్మ.

"కంప్యూటర్లకి టాగులు అంటిస్తానండీ."

"అంటించాక ఊడిపోవుగా?"

"ఊడవండీ. గట్టి జిగురు."

"నేను అడిగేది జిగురు సంగతి కాదు."

అతను గ్లాసు కింద పెట్టాడు. నెమ్మదిగా అన్నాడు. "నేను మాట మీద ఉండే మనిషినేనండీ. ఆ మాట నోటితో చెబితే నమ్మకం కుదరదు. కొన్నాళ్ళు చూడండి. వచ్చేవారం అన్నయ్యనీ వదిననీ తీసుకొస్తాను, వాళ్ళతోనూ మాట్లాడండి. తొందరేం లేదు."

అమ్మ అతని ముఖంలోకి చూసింది. తరువాత లేచి, మెడలోని టేపు తీసి, "లేచి నిలబడు," అంది.

అతను కంగారుగా నిలబడ్డాడు. అమ్మ అతని భుజాలు కొలిచింది. చేతులు కొలిచింది. "ఊపిరి బిగబట్టకు నాయనా, కొలత తప్పొస్తుంది. మగవాళ్ళ చొక్కా కుట్టి ఎన్నేళ్ళైందో. ఆయన పోయాక ఎవరికి కుట్టాను కనక? చెయ్యి తిరుగుతుందో లేదో." అమ్మ టేపు చుట్టి చేతిలోకి తీసుకుంది. "ఏ రంగు కావాలి?"

అతను ఆలోచిస్తున్నాడు.

"నీలం," అంది తాళాలమ్మాయి వంటింటి గుమ్మంలోంచి.

అందరూ అటు తిరిగారు.

"నిన్నెవరడిగారే?" అంది చెల్లి.

ఆమె లోపలికి పారిపోలేదు. కొంగు కొన వేలికి చుట్టుకుంటూ అక్కడే నిలబడి, "అమ్మా, కాలరు మరీ బిగుతుగా పెట్టకు," అంది.

అమ్మ టేపు మెడలో వేసుకుని, నీలం గుడ్డ కోసం బీరువా తెరిచింది.